ఎక్సైజ్ శాఖ మంత్రి గారికి: షాపుకి లైసెన్సు ఇచ్చే ముందు మా ఆడవాళ్ళని ఒక్క మాట అడగండి

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారమండీ. మా ఊరి బంకు కొట్టులో దొంగచాటుగా అమ్మే మద్యం ఆపించమని నాలుగు అర్జీలు ఇచ్చి, విసిగిపోయి రాస్తున్న ఉత్తరం ఇది. నాలుగో అర్జీకి మొన్న నా ఫోన్‌కి మెసేజ్ వచ్చింది, "మీ అర్జీ పరిష్కరించబడింది" అని. అది చదివేటప్పటికి నేను వీధి పంపు దగ్గర బిందె పెట్టుకుని నిలబడి ఉన్నా. ఎదురుగా బంకులో కూల్‌డ్రింకుల ఫ్రిజ్ వెనక నుంచి క్వార్టర్ సీసా తీసి ఇస్తున్నారు. టైము ఉదయం ఆరున్నర. ఏం పరిష్కారమైంది సార్?

మాది ఉదయగిరి వైపు మెట్ట ఊరు. రికార్డుల్లో మా ఊళ్ళో మద్యం షాపే లేదు. అందుకే మొదటిసారి వెళితే "లేని షాపుని ఎట్లా మూయిస్తామమ్మా" అని పంపించేశారు. రెండోసారి తనిఖీకి వచ్చారు గానీ జీపు ఊరి పొలిమేర దాటకముందే సరుకు ఎవరి దొడ్లోకో పోయింది. మూడోసారి జరిగింది ఇంకా ఘోరం. అర్జీ మీద సంతకాలు పెట్టిన పద్నాలుగు మంది పేర్లు తెల్లారేసరికి బంకు వాళ్ళకి తెలిసిపోయాయి. మా ఆయన్ని రోడ్డు మీద ఆపి నా గురించి మాట్లాడారు. ఆయన తాగడు కాబట్టి మా ఇంట్లో గొడవ కాలేదు, తాగే ఇళ్ళల్లో ఇద్దరు దెబ్బలు తిన్నారు. నాలుగో అర్జీకి సంతకం పెట్టడానికి ముగ్గురే వచ్చారంటే వాళ్ళనేమీ అనలేను.

ఒక్క ఇంటి సంగతి చెప్తాను. మా పొదుపు సంఘంలో ఒకామె, పొగాకు ఆకుని వేడికి ఎండబెట్టే బ్యారన్ దగ్గర కర్రలకి ఆకు కట్టే కూలికి పోయి, కిస్తీ డబ్బులు బియ్యం డబ్బా అడుగున గుడ్డలో చుట్టి దాచుకుంది. వాళ్ళాయన డబ్బాని నేలమీద బోర్లించేసి ఆ గుడ్డ తీసుకుని బంకుకి పోయాడు. నేను వెళ్ళేసరికి ఆమె ఆ బియ్యాన్ని చేటలోకి ఎత్తుకుని మట్టిబెడ్డలు ఏరుతోంది, ఏడవడం కూడా లేదు, ఏరుతూనే "ఈ నెల కూడా కట్టలేనక్కా" అంది. మూడు నెలలు మిగతా తొమ్మిది మందిమీ తలా కొంచెం వేసి ఆమె కిస్తీ కట్టాం, సంఘం అప్పు కదా, ఒకరు ఆగితే అందరికీ చెడ్డపేరు. మీరు 99 రూపాయలకి ఇస్తున్న సీసా మా బంకులో 130. ఆ పైన ముప్పై ఒకటి కూడా ఆమె కూలి డబ్బులే.

మీకు తెలియనిది కాదు, సారా మీద ఉద్యమం లేపింది మా జిల్లా ఆడవాళ్ళే. 1992లో దూబగుంటలో రోశమ్మ గారూ వాళ్ళూ సారా అంగడిని మూయిస్తే, ఊరూరా ఆడవాళ్ళు చీపుర్లు పట్టుకుని వచ్చారు. మా అమ్మ అప్పుడు రాత్రి బడిలో సంతకం నేర్చుకుంటోంది. సారా పాకెట్లు రోడ్డు మీద పోసి తొక్కామని ఇప్పటికీ చెబుతుంది. 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా ఆగింది. సారాకి పోయే డబ్బుల్లో నుంచి రోజుకి రూపాయి పక్కన పెట్టుకుందామనే ఆలోచనతోనే మా జిల్లాలో పొదుపు లక్ష్మి సంఘాలు పెరిగాయి. ఆ సంఘం డబ్బులే ఇప్పుడు మళ్ళీ బంకుకి పోతున్నాయి, నా బాధంతా అదే.

ఊళ్ళో ఏం అమ్మాలో ఏం అమ్మకూడదో ఆడవాళ్ళు చెప్తారా అని అప్పుడూ అన్నారంట, ఇప్పుడూ అంటున్నారు. మహారాష్ట్రలో ఊరి ఆడ ఓటర్లలో సగానికి పైగా వద్దని ఓటేస్తే అక్కడి షాపు మూసేయాలని రూలు ఉంది. ఓటు చీటీ మీద నిలబెట్టిన సీసా ఒకటి, పడుకోబెట్టిన సీసా ఒకటి, గుర్తులు అవే. గిరిజనులుండే షెడ్యూల్డ్ ప్రాంతాల్లో మద్యం వద్దనే అధికారం గ్రామసభకి 1996 పెసా చట్టంలోనే రాసి ఉంది. మరి మాకెందుకు లేదు?

ఆ ఓటు మాకివ్వండి. మా బంకు లాంటి లైసెన్సు లేని బెల్టు షాపుకి సరుకు ఆకాశం నుంచి పడదు, మండలంలో లైసెన్సు షాపు నుంచే వస్తుంది. ఆ షాపు ఉండాలా వద్దా అన్నది చుట్టుపక్కల ఊళ్ళ ఆడవాళ్ళ ఓటు మీద పెడితే, షాపు ఓనరే మా బంకుకి సరుకు ఆపేస్తాడు. చాటుగా వేసే ఓటు కాబట్టి పేర్లు బయటికి రావు, సంతకం పెట్టి దెబ్బలు తినే పని ఉండదు. ఆదాయం పోతుందంటారేమో, మా తొమ్మిది మందిమి కట్టిన కిస్తీలు కూడా ఆ లెక్కలో చూడండి సార్.

చట్టం మార్చడానికి టైము పడుతుందని తెలుసు. ఈలోపు ఫ్రిజ్ వెనక సీసాలు తీయించండి, దయచేసి చెప్పకుండా రండి, పొద్దున్నే ఆరింటికి రండి. ఆ సీసాల మీద స్టిక్కర్ చూసి ఏ షాపు సరుకో మీవాళ్ళే పట్టుకోండి. ఈసారి పరిష్కారమైందని మెసేజ్ పెట్టే ముందు మా సంఘంలో ఎవరో ఒకరికి ఫోన్ చేసి అడగండి, నంబర్లు నాలుగు అర్జీల మీదా ఉన్నాయి.

ఇట్లు,
ఒక పొదుపు సంఘం లీడరు,
నెల్లూరు జిల్లా