క్రోధి నామ సంవత్సర వార్షిక నివేదిక: ఏళ్ల తరబడి పూసే మొక్కలు, వాటి విశ్రాంతి కాలం

మన పూలతోటల సంఘం సభ్యులందరికీ కార్యవర్గం తరఫున నమస్కారాలు.

2024 ఏప్రిల్ 9న వచ్చిన క్రోధి ఉగాది మొదలు 2025 మార్చి 30న వచ్చిన విశ్వావసు ఉగాది వరకు సంఘం చేపట్టిన పనులను ఈ నివేదిక ద్వారా మీ ముందు ఉంచుతున్నాం. ఒక కాపు పూసి ఎండిపోయే మొక్కల సంగతి కొన్నాళ్లు పక్కన పెట్టి, ఒకసారి నాటితే ఏళ్ల తరబడి ఇంటిని అంటిపెట్టుకుని ఉండే మల్లె, జాజి, చామంతి, కనకాంబరం, గులాబీ, దుంపల నుంచి వచ్చే లిల్లీల మీద ఈ ఏడాది శ్రద్ధ పెట్టాలని గత సర్వసభ్య సమావేశంలో తీర్మానించుకున్నాం. ఆ ప్రకారం కార్యవర్గ సభ్యులు వంతులు వేసుకుని మీ పెరళ్లకు, మేడలకు వచ్చి మొక్కలను చూశారు. అలా తిరిగిన మీదట ఒక విషయం మాకు బాగా అర్థమైంది. విజయవాడ ఎండకు మొక్కలు నిలవవని మనమందరం భయపడతాం, ఆ భయంలో అబద్ధం లేదు. అయితే ఈ ఏడాది మనం చేజేతులా పోగొట్టుకున్న మొక్కలు ఎక్కువగా చలికాలంలోనే పోయాయి. నిద్రపోయే వేళ నీళ్లు పోసి కొన్నిటిని కుళ్లబెట్టుకున్నాం, ఆకు రాలగానే చచ్చిపోయిందనుకుని మరికొన్నిటిని పారేసుకున్నాం. అందువల్ల ఈ నివేదికలో చలికాలపు పనికే ఎక్కువ చోటు ఇస్తున్నాం.

ఈ పాఠం ముందుగా కార్యవర్గానికే అందింది. సంఘం గది వెనుక నీళ్ల ట్యాంకు పక్కన ఏ మొక్కా లేని మట్టి కుండీలు కొన్ని ఏడాదిగా పడి ఉంటే, వాటిని శుభ్రం చేయించే పని పెట్టుకుని, మట్టిని గోడ వారన కుమ్మరించాం. 2024 మే రెండో వారంలో ఆ ఎండిన మట్టి కుప్పలోంచి బొటనవేలి లావున ఒక మొగ్గ పైకి వచ్చింది. దాని కాడ మీద ముదురు ఎరుపు చుక్కలున్నాయి. నాలుగైదు రోజుల్లో అది పిల్లల చేతి బంతి అంత గుండ్రంగా, సన్నని ఎర్రని రేకలతో విచ్చుకుంది. అది ఫుట్‌బాల్ లిల్లీ, మన వైపు మే పువ్వు అని కూడా అంటారు. ఆ ఒక్క బంతిలో వంద వరకు చిన్న పూలు ఉంటాయి. మేం కుమ్మరించిన మట్టిలో అలాంటి దుంపలు ఇంకెన్ని ఉన్నాయో, పారతో తవ్వినప్పుడు ఎన్ని తెగిపోయాయో తలచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. ఆ కుండీలు ఇచ్చిన సభ్యురాలికి కార్యవర్గం ఈ నివేదిక ద్వారా మరోసారి క్షమాపణ చెప్పుకుంటోంది.

ఈ మొక్కకు ముందు పువ్వు, ఆ తరువాత ఆకు. వానాకాలమంతా వెడల్పాటి ఆకులతో ఉండి, ఆ ఆకులు చేసిన ఆహారాన్ని దుంపలో దాచుకుని, కార్తీకం దాటాక పసుపుబారి నేలకు వాలిపోతుంది. అప్పుడు ఆకులను పచ్చిగా ఉండగానే కోయకూడదు. అవి వాటంతట అవి ఎండేదాకా ఆగి, ఆపైన నీళ్లు పూర్తిగా మానేసి, కుండీని వాన పడని చోట ఒక పక్కకు ఒరిగించి పెట్టాలి. దుంపను కదిలిస్తే మరుసటి ఏడు పూయకపోవచ్చు కనుక కుండీ మార్చే ఆలోచన కూడా తరచుగా చేయకూడదు. ఈ అనుభవం తరువాత పాత రంగు డబ్బాల రేకును ముక్కలుగా కత్తిరించి, ‘విశ్రాంతిలో ఉంది, పారేయవద్దు’ అని రాసి, సభ్యులందరికీ పంచాం. వాన లిల్లీలకు, అగ్నిశిఖ దుంపలకు, లిల్లీ పూల గడ్డలకు కూడా ఆ రేకులే గుచ్చుకుంటున్నారు. ఖర్చు దాదాపు లేని ఈ చిన్న పని ఈ ఏడాది మనం చేసిన అన్ని పనుల కంటే ఎక్కువ మొక్కలను కాపాడిందని మా నమ్మకం.

బుడమేరు వరద

2024 సెప్టెంబరు 1న బుడమేరు నీరు ఊరి మీద పడినప్పుడు సింగ్ నగర్, పాయకాపురం వైపు ఉన్న మన సభ్యుల ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. అదే రోజుల్లో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా కృష్ణ నీరు దిగువకు వెళ్లింది. మనుషులకు తాగునీరు, తిండి అందించడమే అప్పటి పని కనుక సంఘం సమావేశాలన్నీ ఆపి, సభ్యులందరూ చేతనైన చోట సాయానికి వెళ్లారు. మొక్కల ప్రస్తావన నీరు తీసిన తరువాత వచ్చింది.

నీళ్లలో మునిగి ఉన్న మొక్క దాహంతో ఉన్నట్టే వడలిపోయి కనిపిస్తుంది. వేళ్లకు గాలి ఆడక అవి నీటిని పీల్చుకోలేవు, ఆ సంగతి తెలియక కొందరు మళ్లీ నీళ్లు పోశారు. ఇంటింటికీ వెళ్లి కుండీలను పక్కకు వంచి నీరు కార్చడం, ఆకుల మీద పేరుకున్న ఒండ్రును మంచినీటితో కడగడం, మట్టి పైన గట్టిపడిన పెచ్చును చిన్న కర్రతో గుల్ల చేయడం, కుళ్లు తెగులు మందైన కాపర్ ఆక్సీ క్లోరైడ్‌ను లీటరు నీటికి 3 గ్రాముల చొప్పున కలిపి మొదలు తడిసేలా పోయడం చేశాం. కొత్త చిగురు కనిపించేదాకా ఏ ఎరువూ వేయవద్దని అందరికీ చెప్పాం. మెట్టతామర దుంపలు తేరుకున్నాయి. మల్లెలు కొన్ని నిలిచాయి. గులాబీలు, కనకాంబరాలు చాలావరకు పోయాయి.

వాటిలో ఒక కనకాంబరం గురించి ఇక్కడ చెప్పాలి. మామూలు కనకాంబరం గింజ నుంచి వస్తుంది. ఎండిన కాయ మీద నీటి చుక్క పడితే చాలు, చిటపటమని పేలి గింజలు ఎగిరి పడతాయి, పిల్లలకు అదొక ఆట. ఢిల్లీ కనకాంబరం అలా కాదు, అది గింజ కట్టదు, కొమ్మ నాటితేనే మరో మొక్క వస్తుంది. సింగ్ నగర్ సభ్యురాలి ఇంట్లో అత్తగారి కాలం నుంచి ఉన్న ఢిల్లీ కనకాంబరం వరదలో కుళ్లిపోయింది. అయితే మూడేళ్ల క్రితం ఆవిడే పటమటలోని మరో సభ్యురాలికి నాలుగు కొమ్మలు ఇచ్చి ఉన్నారు. ఆ మొక్కల నుంచి కొమ్మలు కోసి, ఇసుకలో వేరు పట్టించి, డిసెంబరులో తిరిగి ఆవిడకే అందజేశాం. వానాకాలానికి ముందే ప్రతి సభ్యుడూ తనకు ప్రియమైన మొక్క కొమ్మనో పిలకనో ఇంకో పేటలో ఉన్న సభ్యుడి ఇంట్లో ఉంచాలని కార్యవర్గం ఇకపై నియమంగా ప్రతిపాదిస్తోంది.

మల్లెను ఎండగట్టడం

2025 జనవరి 5, ఆదివారం నాడు మొగల్రాజపురంలోని ఒక సభ్యుడి పెరట్లో మల్లె కత్తిరింపుపై చేసి చూపించే కార్యక్రమం జరిగింది. మైలవరం వైపు మల్లె తోటలు ఉన్న కుటుంబంలో పుట్టి పెరిగిన మన పెద్ద సభ్యురాలు దానిని నడిపించారు. చిన్నతనంలో వాళ్ల నాన్నగారు డిసెంబరులో తోటకు తడి ఆపి, గొర్రెల మందను తోలి ఆకంతా మేపించి, ఆ తరువాతే కొమ్మ కొట్టించేవారని ఆవిడ చెప్పారు. ఇంటి మొక్కకు గొర్రెలు ఉండవు కాబట్టి ఆ పని మన వేళ్లే చేయాలి. కొమ్మను ఎడమ చేత్తో పట్టుకుని, కుడి చేతి బొటనవేలు, చూపుడు వేలు మధ్య కొమ్మను ఉంచి, మొదలు నుంచి కొసకు ఒక్క ఊపుతో ఆకులను దూసివేయడం ఆవిడ చూపించారు. బెరడు మీద గీత కూడా పడలేదు.

పద్ధతి ఇది. డిసెంబరు మూడో వారం నుంచి మొక్కకు నీళ్లు మానాలి. నేలలోని మొక్క అయితే నాలుగు వారాలైనా తట్టుకుంటుంది, కుండీలోని మొక్కకు పది పదిహేను రోజులు చాలు, లేత కొమ్మ ముడతలు పడుతున్నట్టు కనిపిస్తే ఒక గ్లాసు నీళ్లు పోసి మళ్లీ ఆపాలి. ఆకు పసుపుబారి రాలడం మొదలయ్యాక మిగిలిన ఆకును దూసి, మూరెడు ఎత్తు ఉంచి పైకొమ్మలను కత్తిరించాలి. ఎండుపుల్లలను, లోపలికి పెరిగి ఒకదానికొకటి రాసుకునే కొమ్మలను పూర్తిగా తీసేయాలి. తరువాత పైమట్టిని రెండు మూడు వేళ్ల లోతున తీసి, బాగా చివికిన పశువుల ఎరువు, గుప్పెడు వేపపిండి కలిపి నింపి, అప్పుడు నిండుగా తడి పెట్టాలి. మల్లె మొగ్గ వచ్చేది కొత్త చిగురు చివరనే కాబట్టి, పాత కొమ్మను అలాగే వదిలితే పందిరి నిండా ఆకు, అక్కడక్కడ పువ్వు మాత్రమే దక్కుతాయి.

ధనుర్మాసంలో ఇంట్లో పచ్చని మొక్కను మోడు చేయడానికి కొందరికి మనసు ఒప్పలేదు. కత్తిరించినా నీళ్లు మానని ఇళ్లలో కొమ్మలు బారుగా సాగాయి గాని మొగ్గ పలచగా వచ్చింది. చెప్పినట్టు ఎండగట్టిన ఇళ్లలో శివరాత్రి నాటికి తొలి మొగ్గలు కనిపించాయి, ఉగాదికి దేవుడికీ జడకూ సరిపడా పూలు దిగాయి. జాజికి కూడా జనవరిలోనే కత్తిరింపు. కాగడా మల్లె చలిలో పూస్తుంది కాబట్టి ఆ నెలల్లో దాని మీద కత్తెర వేయకండి. గులాబీ కత్తిరింపు దసరా ప్రాంతంలోనే ముగించాలన్న సంగతి మనలో చాలామందికి తెలిసినదే.

దీపం కింద చామంతి

జూన్‌లో సంఘం పంచిన చామంతి పిలకలన్నీ ఒకే తల్లి మొక్కల నుంచి తీసినవి. కార్తీకం వచ్చేసరికి అందరి ఇళ్లలో మొగ్గలు వేయగా, సత్యనారాయణపురంలోని ఒక అపార్టుమెంటులో మాత్రం కుండీలు నిగనిగలాడే ఆకుతో ఏపుగా పెరిగి ఒక్క మొగ్గా వేయలేదు. పిలకలు మంచివి కావని అక్కడి సభ్యులు నొచ్చుకున్నారు. కార్యవర్గ సభ్యులు ఒక సాయంత్రం వెళ్లి చూస్తే ఆ కుండీలు రాత్రంతా వెలిగే ఎల్‌ఈడీ దీపం కింద వరండాలో ఉన్నాయి.

చామంతి పగటిని కాదు, రాత్రిని లెక్కపెట్టుకునే మొక్క. మన ఊళ్లో జూన్‌లో పగలు దాదాపు 13 గంటలు, డిసెంబరులో 11 గంటలు ఉంటుంది. చీకటి పొడవు పెరిగిందని గుర్తించాకే చామంతి ఆకు వేయడం తగ్గించి మొగ్గ కట్టడం మొదలుపెడుతుంది. దీపం ఆ చీకటిని దానికి దక్కనివ్వలేదు. కార్తీకంలో ఆఖరి సోమవారమైన నవంబరు 25న ఆ కుండీలను వెనుక వైపు చీకటి గోడ దగ్గరకు మార్పించాం. సంక్రాంతి గొబ్బెమ్మలకు అందకపోయినా, ఫిబ్రవరి 4న రథసప్తమి నాటికి అవి విరగబూశాయి. వీధి దీపం ఇంటి ముందే ఉన్నవారు సాయంత్రం ఆరు నుంచి ఉదయం ఆరు దాకా నల్లని గుడ్డ కప్పినా సరిపోతుంది.

పూలు అయిపోయిన చామంతిని పీకేయవద్దు. బెత్తెడు ఎత్తుకు కత్తిరించి, పగటి ఎండ నేరుగా పడని చోట పెట్టి, మట్టి పూర్తిగా ఎండకుండా కొద్దికొద్దిగా తడుపుతూ ఉంటే మొదట్లోంచి పిలకలు వస్తాయి. వాటిని ఎండాకాలం దాటించడమే కష్టం. అది దాటితే జూన్‌లో విడదీసి నాటుకుని, నెల తరువాత తలలు తుంచితే గుబురుగా కొమ్మలు వేస్తాయి.

అమెరికాలో పిల్లల దగ్గర కొన్నాళ్లు ఉండి వచ్చిన సభ్యులు అక్టోబరు సమావేశంలో అక్కడి పద్ధతి వివరించారు. మంచు పడే చోట డాలియా దుంపలను తొలి మంచుకు నల్లబడిన వెంటనే తవ్వి, ఆరబెట్టి, గడ్డకట్టని చల్లని గదిలో పొడి రంపపు పొట్టులో దాచుకుంటారట. మన మల్లె అక్కడ కుండీలోనే బతుకుతుంది, రాత్రి చలి 10 డిగ్రీలకు దిగకముందే ఇంట్లోకి తెచ్చి ఎండ వచ్చే కిటికీ దగ్గర పెట్టి, నీళ్లు బాగా తగ్గిస్తారు. మనకు చలికాలపు రాత్రి కూడా అంత దిగదు కాబట్టి డాలియా ఇక్కడ చలిలోనే పూస్తుంది, మార్చిలో దుంపను తవ్వి పొడి ఇసుకలో దాచవలసింది మాత్రం ఎండ భయానికి. కాలం తిరగబడినా పని ఒక్కటేనని ఆ రోజు అందరూ ఆసక్తిగా విన్నారు.

డిసెంబరులో కడియం నర్సరీలకు వెళ్లి వచ్చాం. అక్కడ నీడవలల కింద పెరిగిన మొక్కలను తెచ్చిన రోజే మేడ ఎండలో పెట్టినవారికి ఆకులు మాడాయి. పది రోజులు నీడలో ఉంచి మెల్లగా ఎండకు అలవాటు చేయాలని మరోసారి మనవి. వేసవి కోసం ఎండను 50 శాతం ఆపే నీడవలను సంఘం ఒక్కసారే కొని, కావలసిన సభ్యులకు కొన్న ధరకే కోసి ఇచ్చింది. మేడ మీది కుండీలను గచ్చుకు ఆనించకుండా ఇటుకల మీద పెట్టండి, ఉదయం ఏడులోపు నీళ్లు పోయండి. జమాఖర్చుల పట్టికను విడిగా అందజేస్తున్నాం.

చామంతి పిలకల పంపిణీ జూన్ 29, ఆదివారం ఉదయం సంఘం గది దగ్గర జరుగుతుంది, కుండీ మీరే తెచ్చుకోవాలి. ఆ గది వరండాలో రేకు గుచ్చి ఒరిగించి పెట్టిన ఫుట్‌బాల్ లిల్లీ కుండీలు ఈ నివేదిక రాసే నాటికి ఇంకా నిద్రలోనే ఉన్నాయి. గది తెరవడానికి వంతులో వచ్చే సభ్యులు మట్టిలోంచి చుక్కల మొగ్గ కనిపించేదాకా వాటికి నీళ్లు పోయవద్దని, కనిపించిన రోజున మాత్రం వెంటనే కార్యదర్శికి కబురు చేయాలని కోరుతున్నాం.