కూలర్ అడుగున రెండు అంగుళాల నీళ్లు

అరే దోస్త్,

ఫోన్ ఎత్తడం లేదని అలిగావట, మీ చెల్లె చెప్పింది. అలగకురా. 12 రోజులుగా మా ఇల్లు ఇల్లులా లేదు.

వినాయకుణ్ణి సాగనంపిన మర్నాడే చిన్నదానికి ముక్కు కారడం మొదలైంది. హన్మకొండలో ముసురు పట్టిందంటే సర్ది దగ్గు మామూలే కదా అనుకున్నాం. రెండో రోజు పెద్దోడికి జరం, 103. చెల్లెలిదే అంటుకుందని అందరం తేల్చేశాం. నేనైతే గల్లీలో సూది కూడా వేయించుకొచ్చాను. ఏం సూదో కాగితం మీద రాయించుకోవాలన్న తెలివి కూడా లేకపోయింది. వాడికి ముక్కు కారడం లేదు, దగ్గు లేదు, "కళ్ల వెనుక నొస్తుంది బాపూ" అంటున్నాడు. ఆ మాట మేం పట్టించుకోలేదు, పిల్లల డాక్టర్ పట్టుకున్నాడు. వెంటనే ఎన్‌ఎస్1 అని, డెంగీని పట్టే రక్త పరీక్ష రాశాడు. డెంగీ. ఒకే ఇంట్లో, ఒకే మంచం మీద రెండు వేరే వేరే జరాలు!

అసలు భయం వేసింది మాత్రం సిరప్ దగ్గర. ఇద్దరికీ పారాసెటమాల్ సీసాలే, రెండూ ఒకే రంగు. పెద్దోడి సీసాలో 5 మి.లీ.కి 250 మి.గ్రా., చిన్నదాని సీసాలో 120. అది 11 కిలోలు ఉంది. కిలోకు 15 మి.గ్రా. లెక్కన దాని సీసాలోంచి దాదాపు 7 మి.లీ. పొయ్యాలి. రాత్రి రెండు గంటలకు కరెంటు పోతే, మా అమ్మ సెల్ లైటు వెలుగులో పెద్దోడి సీసాలోంచి 7 మి.లీ. కొలిచి పట్టుకొచ్చింది. అంటే రెండింతలు. పైగా గంట కిందటే మీ చెల్లె ఒకసారి పోసి పడుకుంది! మూత దాని నోటి దాకా వెళ్లాక నాకెందుకో అనుమానం వచ్చి సీసా చూశాను. చేతులు వణికాయి. తెల్లారగానే క్యాలెండర్‌లో పోయిన నెల కాగితం చింపి ఫ్రిజ్‌కు అంటించాను: ఎవరికి, ఎన్ని గంటలకు, ఎంత, పోసింది ఎవరు. చిన్నదాని సీసాకు ఎర్ర రబ్బరు బ్యాండు వేశాం. మా అమ్మకు చదువు రాదు కాబట్టి ఆమె పోసినప్పుడు బొట్టు పెడుతుంది. నవ్వకు, బొట్టు లెక్క ఒక్కసారీ తప్పలేదు.

అయిదో రోజు పెద్దోడి జరం దిగింది. మేం సంబరపడుతుంటే డాక్టర్ "ఇప్పుడే కళ్లల్లో వత్తులు వేసుకొని చూడండి" అన్నాడు. డెంగీలో జరం తగ్గాక వచ్చే ఒకటి రెండు రోజులే గండమట. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మత్తుగా పడుండడం, ఆరు గంటలు మూత్రం పోకపోవడం, వీటిలో ఏది కనిపించినా అర్ధరాత్రయినా దవాఖానకు తీసుకురమ్మన్నాడు. ప్లేట్‌లెట్లు 92 వేలకు పడ్డాయి. ఇక చూడు, చుట్టాలందరూ డాక్టర్లే. పక్కింటి బొప్పాయి చెట్టుకు ఆకులు మిగల్లేదు. డాక్టరేమో నీళ్లు తాగించండి, అవే పెరుగుతాయి అన్నాడు. ఓఆర్‌ఎస్ ప్యాకెట్ మొత్తం లీటరు నీళ్లలో ఒకేసారి కలపాలటరా, మేం ఇన్నేళ్లూ గ్లాసుకు చెంచాడు వేస్తున్నాం. వాడు అది ముట్టకపోతే కొబ్బరి నీళ్లు, పల్చటి జావ, ఉప్పేసిన మజ్జిగ. బ్రూఫెన్ లాంటి నొప్పి మందులు మాత్రం అసలు వద్దన్నాడు, రక్తం కారే ప్రమాదమట. ఇప్పుడు ప్లేట్‌లెట్లు లక్షా 60 వేలు.

దోమ ఎక్కడిదో కూడా దొరికింది. బాల్కనీలో ఎండాకాలం కూలర్ అలాగే ఉంది కదా, దాని అడుగున రెండు అంగుళాల వాన నీళ్లు. వంగి చూస్తే సన్నటి పురుగులు మెలికలు తిరుగుతున్నాయి. మేమేమో సాయంత్రం ఆరు కాగానే కిటికీలు మూసి, పగలంతా బార్లా తెరిచి పెడుతున్నాం. ఈ దోమ కుట్టేది పగలే. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం పది రోజులు చాలట. అందుకే శుక్రవారం డ్రై డే అని ఆశా కార్యకర్తలు వచ్చి డ్రమ్ములు ఒంపమనేది. మొన్న వచ్చినప్పుడు నేనే "మా ఇంట్లో ఏం లేవమ్మా" అని గడపలోంచే పంపేశాను. ఈ శుక్రవారం ఆ అమ్మను పిలిచి చాయ్ ఇచ్చాను, కూలర్ సంగతి చెప్పలేకపోయాను.

పెద్దోడు ఇవాళ గుడ్డు కూరతో నాలుగు ముద్దలు తిన్నాడు. సద్దుల బతుకమ్మ నాటికి పద్మాక్షి గుట్టకు పోదామని ఒకటే గొడవ. నువ్వు పిల్లల్ని తీసుకొని ముందు రోజే దిగు. వచ్చే ముందు మీ కరీంనగర్ ఇంట్లో కూలర్ ఒంపి రా.

నీ దోస్త్