తొక్కతో తినమన్నారు, ఉద్దానం వాళ్ళకి ఇంకో ముక్క రాయండి

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన వారం మీ ఆరోగ్యం పేజీలో బంగాళాదుంప గురించి వేసింది చదివాను. దుంపంటే భయపడక్కర్లేదు, నూనెలో వేయించకుండా తొక్కతోనే ఉడకబెట్టి తినండి, పొటాషియం బాగా అందుతుంది అని రాశారు. రాసిందాంట్లో తప్పు లేదండి. కానీ మీ పేపరు మా కవిటికి వస్తుంది, సోంపేటకీ మందసకీ వజ్రపుకొత్తూరుకీ వెళ్తుంది. మా ఉద్దానంలో కిడ్నీ జబ్బు మనిషి లేని వీధి ఉందా అంటే వెతుక్కోవాలి. వాళ్ళు మీ మాట నమ్మి అలాగే తింటే ప్రాణం మీదికి వస్తుంది.

నేను బడిలో మధ్యాహ్న భోజనం వండుతాను. ఆలూ కుర్మా చేసిన రోజు పిల్లల కంచాల్లో మెతుకు మిగలదు. ఉడకబెట్టిన దుంప 100 గ్రాములు తింటే 90 కేలరీలు కూడా రావు, అదే చిప్స్ అయితే 500 దాటిపోతాయి. ఆకలి తీరుతుంది, సి విటమిన్ కూడా కొంత అందుతుంది. పిల్లల వరకూ మీ మాటే నా మాట. కాకపోతే దుంప కూర ఉన్న రోజు పెద్దవాళ్ళు ఒక గరిటె అన్నం తగ్గించుకుంటే మంచిది. అదీ పిండిపదార్థమే, ఇదీ పిండిపదార్థమే.

మా ఆయనకి నాలుగేళ్ళుగా డయాలసిస్, వారానికి రెండుసార్లు. మొదట్లో చూపించిన ఆసుపత్రిలో "దుంపలు, కొబ్బరినీళ్ళు, పనస, అరటిపండు బంద్" అని ఒక్క మాట చెప్పి పంపేశారు. ఎందుకో చెప్పలేదు, ఏం తినాలో చెప్పలేదు. కొబ్బరితోటలో పుట్టి పెరిగిన మనిషి కొబ్బరిబొండాం ముట్టడం మానేశాడు. పనసకాయ కూర మానేశాడు. దుంప కూర కూడా పోయాక కంచం ముందు కూర్చోవడమే మానేశాడు. పప్పు వెగటు, చేప వండితే వాసన పడదు. చారన్నం రెండు ముద్దలు తిని చెయ్యి కడిగేసుకునేవాడు. మూడు నెలలకి చొక్కా భుజాల మీంచి జారిపోవడం మొదలైంది. "నన్ను తిను తిను అనకే, తినడానికేం మిగిలింది" అన్నాడొక రాత్రి. డయాలసిస్ మనిషికి తిండి సరిపోకపోతే కండ కరిగిపోతుంది. జబ్బు ఒకవైపు, పస్తు ఒకవైపు.

తర్వాత మేం మారిన చోట తిండి సంగతి చూసే అమ్మాయి నన్ను పక్కన కూర్చోబెట్టుకుని వివరంగా చెప్పింది. పచ్చి దుంప 100 గ్రాముల్లో 400 మిల్లీగ్రాములకి పైనే పొటాషియం ఉంటుందట. మంచి కిడ్నీలైతే ఎక్కువైంది బయటికి పంపేస్తాయి. పాడైన కిడ్నీలు పంపలేవు, అది రక్తంలో పేరుకుంటుంది. మరీ పెరిగితే గుండె లయ తప్పుతుంది, ఆగిపోవచ్చు కూడా. అయితే ఈ పొటాషియం నీళ్ళలోకి దిగుతుంది. మనకి దారి అక్కడే దొరుకుతుంది.

దుంప తొక్క తీసెయ్యాలి. గోరంత ముక్కలు కొయ్యాలి, ఎంత చిన్నవైతే అంత మేలు. ఊరికే నానబెడితే చాలదు. పెద్ద గిన్నెలో ముక్కలు మునిగి ఈదేటన్ని నీళ్ళు పోసి మెత్తగా ఉడకనిచ్చి, ఆ నీళ్ళు మొత్తం వంచేయాలి. కుక్కర్లో గ్లాసుడు నీళ్ళతో పెట్టి అందులోనే ఇగరబెడితే దిగిందంతా మళ్ళీ కూరలోనే ఉంటుంది. ఇలా వంచితే సగం వరకూ పోతుంది. తొక్కతో, నిండు దుంపగా ఉడకబెడితే చాలావరకు లోపలే ఉండిపోతుంది.

మొదటిసారి వంచినప్పుడు నీళ్ళు పల్చటి గంజిలా ఉన్నాయి. బడిలో కూర ఉడికిన నీళ్ళు నేను చుక్క పారబొయ్యను, విటమిన్లు పోతాయని. ఇంట్లో పారబొయ్యకపోతే తప్పు. చెయ్యి వెంటనే రాలేదు. తర్వాత చెంచాడు నూనెలో ఆవాలు, వెల్లుల్లి, కరివేపాకు వేసి ముక్కలు తిప్పి, వాళ్ళు చెప్పిన కొలతకి చిన్న గిన్నెడు పెట్టాను. కంచం అంచు దాకా తుడుచుకుని తిన్నాడు. తర్వాత రక్తపరీక్షలో పొటాషియం పెరగలేదు.

ఇంకో సంగతి. బీపీకి మంచిదని సోడియం తక్కువ ఉండే ఉప్పు అమ్ముతున్నారు. అందులో సోడియం బదులు పొటాషియం కలుపుతారు. మా పక్కింటావిడ మంచి మనసుతోనే ఒక ప్యాకెట్టు తెచ్చిచ్చింది. ఆ అమ్మాయి చెప్పకపోతే వాడేసేదాన్ని.

కిడ్నీ జబ్బున్న అందరికీ ఒకే లెక్క కాదు. రక్తంలో పొటాషియం ఎంతుందో చూసి ఎంత తినొచ్చో డాక్టరే చెప్పాలి. ఆ మాట కూడా రాయండి. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి వచ్చింది, హిరమండలం నుంచి తాగునీళ్ళు తెచ్చారు. పెద్ద పనులే, సంతోషం. వంటింటి మాట మాత్రం ఇంటింటికీ వెళ్ళే పేపరే చెప్పగలదు.

అదే పేజీలో, అంతే పెద్ద అక్షరాల్లో వెయ్యండి. ఆ ముక్క కత్తిరించి, డయాలసిస్ గది బయట మేం కేరేజీలు పెట్టుకునే బల్ల ఉంది, దాని పైన గోడకి అంటిస్తాను.

– ఒక వంటమనిషి,
కవిటి మండలం, శ్రీకాకుళం జిల్లా