పాపా, ఒకసారి ఫోన్ చెయ్యి

పాపా,

ఇక్కడ అందరం బాగున్నాం. నాగావళికి నీళ్లు బాగా వచ్చాయి. చవితికి చిన్నాన్న వాళ్లు వచ్చి వెళ్లారు. నీ ఫోన్ రాలేదని కాదు, ఊరికే రాయాలనిపించి రాస్తున్నాను.

స్కాట్లండ్‌లో ఆ ఇన్వర్నెస్‌లో, కొత్తగా సర్జరీ నేర్చుకునే డాక్టర్లకి పెట్టే నాలుగు రోజుల సర్జికల్ బూట్‌క్యాంప్ అయిపోయింది కదా. వెళ్లేముందు కుర్చీ చేతికి దారం కట్టి ఒంటిచేత్తో టకటకా ముడులు వేసి చూపించావు. చిన్న కన్నాల్లోంచి చేసే ఆపరేషన్ ఉంది కదా, ఆ లాప్రోస్కోపీకి డబ్బాలో కెమెరా పెట్టి చేసే ప్రాక్టీసు గురించి కూడా చెప్పావు, పిడి ఎడమకి జరిపితే లోపల మొన కుడికి పోతుందని, కళ్లేమో స్క్రీన్ మీదే ఉండాలని. ఎంత హుషారుగా చెప్పావో! మొన్న పార్వతత్త వచ్చి, నువ్వక్కడ అందరి ముందూ ఏడ్చావట, సర్జరీ వదిలేసి జీపీ ట్రైనింగ్‌కి, అదే ఫ్యామిలీ డాక్టర్ ట్రైనింగ్‌కి, మారిపోతున్నావట అంది. గ్లాస్గోలో ఉన్న వాళ్లబ్బాయి చెప్పాడట. నేను నమ్మలేదు. కానీ నిద్ర పట్టలేదు.

సరే, అది వదిలెయ్. మీ మామ్మ పొందూరు కోడలిగా వచ్చిన కొత్తలో వాలుగ చేప దవడతో పత్తి ఏకడం ఇట్టే పట్టుబడింది గానీ, రాట్నం దగ్గర కూర్చుంటే చాలు, దారం పుటుక్కున తెగిపోయేదట. అక్కడ వడికేది నూరో నంబరు నూలు, వెలుతురుకి పట్టుకుంటే గానీ కనపడదు. మా నాయనమ్మ ఒక్క మాట అనేది కాదట, తెగిన దారమంతా పోగు చేసి దీపానికి ఒత్తులు చేసేదట. ఆ ఏడాది మన దేవుడి గదిలో ఒత్తులకి కొదవ లేదని మామ్మ చెప్పి చెప్పి నవ్వేది. ఆ తర్వాత ఆవిడ నూలు కోసం నేతగాళ్లు ఇంటికొచ్చి కూర్చునేవాళ్లు, నాకు బాగా గుర్తు.

నువ్వు కుట్లు వేసింది కూడా పంది కాలి మీదే కదమ్మా, మనిషి మీద కాదు. అక్కడ చెయ్యి వణికితే ఎవరికేం నష్టం? తప్పులన్నీ అక్కడే అయిపోవాలనే కదా ఆ ట్రైనింగ్ పెట్టింది. జీపీ తక్కువని నేననను, మన ఊళ్లకి అలాంటి డాక్టర్లే కావాలి. నిజంగా అదే ఇష్టమైతే మారు, కానీ నలుగురిలో సిగ్గుపడిపోయానని మారకు. సర్జరీలో మొదటి మెట్టు, ఆ కోర్ ట్రైనింగే రెండేళ్లుంది, ఎంఆర్‌సీఎస్ పరీక్ష రెండు పార్టులూ అవ్వాలి, పై ట్రైనింగ్ ఎస్‌టీ3 సీటుకి పోటీ ఆ తర్వాతి మాట, ఇప్పట్నుంచే టెన్షన్ ఎందుకు? ఆపరేషన్ థియేటర్లో ఏదైనా తేడాగా కనిపిస్తే ఎంత సీనియరైనా నోరు తెరిచి చెప్పాలని మీకు నేర్పుతారన్నావు. మరి అమ్మకీ నాన్నకీ చెప్పడానికి ఏమొచ్చింది?

మాటిమాటికీ చేతులు కడిగి చర్మం పగులుతోందన్నావుగా, పడుకునేముందు కొబ్బరినూనె రాసుకో. నైట్ డ్యూటీకి బ్రెడ్డు ముక్క తిని పరిగెత్తకు, గుప్పెడన్నం వండుకో. అమ్మ కందిపొడి, వడియాలు కడుతోంది. ఇల్లు మారావని కూడా పార్వతత్తే అంది, అది నిజమైతే కొత్త అడ్రసు పంపు, పార్సిల్ పాత ఇంటికి పోతుంది.

నాన్న