మా మిరప రైతుల గ్రూపును మూసేసి, ఎందుకో చెప్పని కంపెనీకి

గౌరవనీయులైన ఫిర్యాదుల పరిష్కార అధికారి గారికి,

విషయం: కారణం చూపకుండా మా చర్చా గ్రూపును తొలగించడం, అడిగినా పట్టించుకోకపోవడం.

‘గౌరవనీయులైన’ అని అలవాటు కొద్దీ రాశాను. ఇంతవరకూ మీ కార్యాలయం మాకు చూపిన మర్యాదను బట్టి అయితే అది రాయాల్సిన అవసరం కనిపించడం లేదు. మీ ఈమెయిళ్లన్నిటి అడుగున ‘దయచేసి ఈ సందేశానికి జవాబు పంపవద్దు’ అని ఉంటుంది కనుక, కాగితం మీద రాసి స్పీడ్ పోస్టులో పంపుతున్నాను. అందుకున్నవారు సంతకం పెట్టాలి కదా. కనీసం ఆ సంతకమైనా ఒక మనిషిది అవుతుందని ఆశ. ఇదే లేఖను నలుగురూ చదివేలా బయట కూడా పెడుతున్నాను.

మీ సోషల్ మీడియా వేదిక మీద నేనూ, మరి కొందరు రైతులూ కలిసి మిరప సాగు గురించి ఒక చర్చా గ్రూపు నడిపాం. గుంటూరు, పల్నాడు, ప్రకాశం, ఖమ్మం, వరంగల్ జిల్లాల రైతులు అందులో ఉండేవారు. దాన్ని మీరు మూసేశారు. ‘నియంత్రిత వస్తువులకు సంబంధించిన నియమాలను ఉల్లంఘించింది’ అని ఒక్క వాక్యం పంపారు. ఏ పోస్టు, ఎప్పటిది, ఎవరు పెట్టింది, అందులో తప్పేమిటి, ఎవరైనా ఫిర్యాదు చేశారా, లేక మీ యంత్రమే పట్టుకుందా, ఏమీ లేదు. మేం గంజాయి అమ్మామా? నాటు తుపాకులకు బేరం పెట్టామా? పురుగుమందు డబ్బా ఫొటో పెట్టి ఎకరానికి ఎంత మోతాదు అని అడిగిన పోస్టు మీకు అమ్మకంలా కనిపించిందా? లేక నకిలీ విత్తనాల ప్యాకెట్ మీది లాట్ నంబరు చూపించి ‘ఇది కొనకండి’ అని హెచ్చరించిన పోస్టా? రెండోదే అయితే ఆ విత్తనాలు అమ్మిన డీలరు మనుషులు కూడబలుక్కుని రిపోర్టు కొట్టారనుకోవాలి. ఇదంతా నా ఊహే. ఊహించుకుంటూ కూర్చోమని వదిలేసింది మీరే.

మూసినందుకు వచ్చిన కోపం కొన్నాళ్లకు చల్లారేదేమో. ఆ తర్వాత మీరు తిప్పిన తిప్పటకు వచ్చిన కోపం మాత్రం చల్లారేలా లేదు. ఆ తిప్పట ఎలా సాగిందో చదవండి, మీ పైవాళ్లకు కూడా చదివి వినిపించండి.

ముందు ‘అప్పీలు’ మీట నొక్కాను. నా వాదన రాసుకోవడానికి అందులో చోటే లేదు. ‘ఈ నిర్ణయంతో నేను ఏకీభవించను’ అన్న వరుస పక్కన టిక్కు పెట్టడం, పంపడం, అంతే. చేతిలో టీ చల్లారకముందే సమాధానం వచ్చింది: ‘మీ గ్రూపును మరోసారి సమీక్షించాం. మా నిర్ణయంలో మార్పు లేదు.’ ఏళ్ల తరబడి రైతులు తెలుగులో రాసుకున్నదంతా అంత కాస్త వ్యవధిలో చదివి, తూకం వేసి, తీర్పు చెప్పిన ఆ మహానుభావుడెవరో చెబితే వెళ్లి శాలువా కప్పి వస్తాను.

తర్వాత మీ సహాయ కేంద్రం. అందులో ‘గ్రూపు తొలగిస్తే ఏం చేయాలి’ అని ఒక వ్యాసం ఉంది. అప్పీలు చేసుకోమంటుంది. చేసుకున్నామయ్యా, తోసిపుచ్చారు, ఇప్పుడేమిటి అంటే ఇంకో వ్యాసం చూపిస్తుంది. అది తిప్పి తిప్పి మళ్లీ మొదటి వ్యాసానికే తెచ్చి వదులుతుంది. అడుగున ‘ఈ సమాచారం మీకు ఉపయోగపడిందా?’ అని ఒక ప్రశ్న. ‘లేదు’ అని నొక్కాను. ‘ధన్యవాదాలు!’ అంది.

ఇక మీ ఫిర్యాదు ఫారం గురించి చెప్పాలి, ఎందుకంటే దాన్ని తయారు చేసినవారికి ఏదైనా పురస్కారం ఇవ్వాల్సిందే. తొలగించిన గ్రూపు లింక్ ఇవ్వనిదే ఫారం ముందుకు కదలదు. ఇచ్చాను. గడి కింద ఎర్ర అక్షరాల్లో ‘ఈ లింక్ పనిచేయడం లేదు. సరైన లింక్ ఇవ్వండి’ అని వచ్చింది. పనిచేయదు కదా, దాన్ని మూసింది మీరే! మా అమ్మాయి వచ్చి కంప్యూటర్‌లో ప్రయత్నించింది. అవే ఎర్ర అక్షరాలు. తొలగించారని ఫిర్యాదు చేయాలంటే ముందు ఆ గ్రూపు తొలగించకుండా ఉండాలన్నమాట.

మీ వేదికలో బతికున్న మనిషితో మాట్లాడే భాగ్యం ప్రకటనలు ఇచ్చేవారికి మాత్రమే ఉందని ఆ తర్వాత తెలిసింది. సరే, అదీ చేశాను. మా పొలంలో ఎండిన తేజ రకం మిరపకాయల ఫొటో ఒకటి పెట్టి, డబ్బు కట్టి ప్రకటన ఇచ్చాను. వెంటనే చాట్ తెరుచుకుంది. మొదట వచ్చిన ప్రతినిధి చాలా మర్యాదస్తుడు. ‘మీ బాధను నేను పూర్తిగా అర్థం చేసుకోగలను’ అన్నాడు. ఏం అర్థమైందో చెప్పమంటే మళ్లీ అదే వాక్యం. గ్రూపుల విభాగం తనది కాదనీ, ప్రకటనల గురించి ఏమైనా ఉంటే అడగమనీ చెప్పి, ఇంకా ఎక్కువ మందికి చేరాలంటే బడ్జెట్ పెంచుకోమని సలహా కూడా ఇచ్చాడు. రెండోసారి వచ్చినవారు సంగతంతా మొదటి నుంచి చెప్పించుకున్నారు, స్క్రీన్‌షాట్లు తీసుకున్నారు, ‘సంబంధిత బృందానికి పంపుతున్నాను, దయచేసి వేచి ఉండండి’ అన్నారు. వేచి ఉన్నాను. ‘మీ నుంచి స్పందన లేనందున ఈ సంభాషణను ముగిస్తున్నాం’ అని వచ్చింది. స్పందన లేనిది నా నుంచట! చివరి ప్రతినిధి కొంత నిజాయతీపరుడు. కారణం తనకు కూడా కనిపించదనీ, కనిపించినా చెప్పే అధికారం తనకు లేదనీ ఒప్పుకున్నాడు. పాపం అతన్ని ఏమీ అనను. అతని చేతులు కట్టేసి మా ముందు కూర్చోబెట్టినవారినే అంటున్నాను.

అప్పుడు మీకు రాశాను. 2021 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం తెచ్చిన ఐటీ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 24 గంటల్లో చెప్పాలి, నిర్ణీత గడువులోగా పరిష్కరించాలి. మొదటిది మీరు తు.చ. తప్పకుండా పాటించారు. పొడుగాటి టికెట్ నంబరుతో రసీదు వెంటనే వచ్చింది. రెండోదీ ఒక విధంగా పాటించారనే చెప్పాలి. సరిగ్గా గడువు తీరే వేళకు ‘మీ ఫిర్యాదు పరిష్కరించబడింది’ అని పంపారు. ఏం పరిష్కరించారో అందులో లేదు. నేను రాసిన వాటిలో ఒక్క ప్రశ్ననైనా ఎవరైనా చదివినట్టు ఆనవాలు లేదు.

అదే నిబంధనల్లో ఇంకో మాట ఉంది, మీకు తెలియదని అనుకోను. మీ అంతట మీరే ఏదైనా తీసేసేటప్పుడు, తీయడానికి ముందే ఆ వాడుకరికి తెలియజేయాలి, కారణాలు వివరించాలి, తన వాదన చెప్పుకోవడానికి తగిన అవకాశం ఇవ్వాలి. 50 లక్షలకు మించి నమోదైన వాడుకరులున్న ప్రతి పెద్ద వేదికా దీనికి కట్టుబడాలి. మీకు అంతమంది లేరని మాత్రం అనకండి, మీ ప్రకటనల పేజీలోనే గొప్పగా చెప్పుకుంటారు. ప్రతి నెలా ఎన్నిటిని తొలగించారో నివేదిక కూడా ప్రచురిస్తారు. చూశాను. పెద్ద పెద్ద అంకెలు. పారదర్శకత అంటే మీ దృష్టిలో అదే కాబోలు. ఆ అంకెల్లో ఒకటి మా గ్రూపు. అది ఏ తప్పు చేసి ఆ లెక్కలోకి ఎక్కిందో నివేదిక రాసినవారికైనా తెలుసా?

నియమాలు ఉండకూడదని నేను అనడం లేదు. నేనూ ఆ గ్రూపులో అడ్మిన్‌నే. అమ్మకాల ప్రకటనలు, పార్టీల గొడవలు, కులం మాటలు తీసేసేవాళ్లం. కానీ తీసే ముందు ఆ పోస్టు కిందే ‘మూడో నియమం ప్రకారం దీన్ని తీస్తున్నాం, అభ్యంతరం ఉంటే సాయంత్రం లోపు చెప్పండి’ అని రాసేవాళ్లం. ఒకసారి ఒక పురుగుమందుల దుకాణదారు తన పోస్టు తీయొద్దని అందరి ముందూ గట్టిగా వాదించాడు. వాదించనిచ్చాం. చివరికి తీశాం. ఎందుకు తీశామో ఆయనకూ తెలుసు, చూసినవాళ్లందరికీ తెలుసు. పొలం పనుల మధ్య, జీతం భత్యం లేకుండా మేం చేసిన పని ఇది. ఇన్ని వేల మంది ఇంజనీర్లున్న మీకు చేతకాదా? చేతకాదని నేను నమ్మను. అవసరం లేదనుకుంటున్నారు. యూరోపియన్ యూనియన్ 2022లో చేసిన డిజిటల్ సేవల చట్టం ప్రకారం, అక్కడి వాడుకరి పోస్టు తీసేస్తే కారణం రాసివ్వాలి, ఆ నిర్ణయంలో యంత్రం పాత్ర ఉందో లేదో కూడా చెప్పాలి. అక్కడ చెప్పే నోరు ఇక్కడికి వచ్చేసరికి ఎందుకు మూతపడుతుంది?

ఆ గ్రూపులో ఏముండేదో మీకు ఒక్కటి చెబుతాను. 2021 ఖరీఫ్‌లో నల్ల తామర పురుగు మిరప తోటల మీద పడింది. అంతకుముందు మాలో ఎవరూ చూడని పురుగు. ఖమ్మం వైపు నుంచి ఒక రైతు ఫొటో పెట్టాడు. ఎడమ చేతిలో మిరప పువ్వు, బొటనవేలి గోరుతో రేకులు విడదీసి పట్టుకున్నాడు, లోపల నువ్వు గింజకంటే చిన్నగా నల్లటి చుక్కలు. ‘ఇదేమిటో ఎవరికైనా తెలుసా?’ అని అడిగాడు. ఆ పోస్టు కింద సీజన్ అంతా చర్చ నడిచింది. నీలి రంగు జిగురు అట్టలు ఎకరానికి ఎన్ని పెట్టాలి, ఏ ఎత్తులో కట్టాలి, మందు మీద మందు కొడితే మిత్ర పురుగులు చచ్చి ఇది ఇంకా ఎలా పెరుగుతోంది, తోట పీకేసి అపరాలు వేసినవారికి ఎంత మిగిలింది, అంతా అందులో ఉంది. తోట పోయినవాళ్లు రాసిన మాటలు అవి. ఏ పుస్తకంలోనూ దొరకవు. వాటిని కూడా మీరు ‘నియంత్రిత వస్తువులు’ అన్న రెండు ముక్కలతో తుడిచిపెట్టారు.

చౌక డేటా వచ్చిన కొత్తలో మా చుట్టుపక్కల ఊళ్లలో మీ యాప్ వేయించింది ఎవరనుకున్నారు? చదువు రానివారికి తెలుగులో మాట్లాడితే టైపు అవుతుందని చూపించింది నేనే. గుంటూరు మిర్చి యార్డులో లారీలో సరుకు దిగే వరకు కూర్చునే వాళ్ల ఫోన్లలో మీ గుర్తు కనిపించడానికి మా వంటివారి చాకిరీ కూడా కారణం. అందుకు మీరు నాకు ఇచ్చిన బిరుదు: ‘మా నియమాలను ఉల్లంఘించిన నిర్వాహకుడు’.

మీ చివరి ప్రతినిధి ఇంకో మాట అన్నాడు, ఇది ప్రైవేటు వేదిక కాబట్టి వాక్ స్వాతంత్ర్యం ఇక్కడ వర్తించదని. రాజ్యాంగంలోని 19(1)(ఎ) ఇచ్చే వాక్ స్వాతంత్ర్యం ప్రభుత్వం దగ్గర అడగాల్సిన హక్కు అని నాకూ తెలుసు. కానీ 2022 అక్టోబరులో ఆ ఐటీ నిబంధనలను సవరించినప్పుడు, 14, 19, 21 అధికరణాల కింద పౌరులకున్న హక్కులను వేదికలు కూడా గౌరవించాలని చేర్చారు. ఇక ఇంకో సంగతి. 2012లో మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో ఒక అమ్మాయి పోస్టు పెట్టినందుకు, మరో అమ్మాయి దాన్ని లైక్ చేసినందుకు పోలీసులు అరెస్టు చేశారు. ఆ తర్వాత నడిచిన కేసులోనే 2015 మార్చి 24న ఆన్‌లైన్‌లో పెట్టిన మాటలకు జైలుకు పంపే ఐటీ చట్టంలోని 66ఎ సెక్షన్‌ను సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆ తీర్పుతో మేలు జరిగింది మా వంటి మామూలు మనుషులకే కాదు. ఎవరో ఫిర్యాదు చేశారని కంపెనీలు ప్రతిదీ తీసేయాల్సిన పని లేదు, కోర్టు ఉత్తర్వో ప్రభుత్వ నోటిఫికేషనో ఉంటేనే తీయాలి అని మీకూ రక్షణ దొరికింది. అప్పుడు మేమంతా మీ వైపే మాట్లాడాం. ఆ రక్షణను వాడుకుని ఇప్పుడు ఒక విత్తనాల డీలరు రిపోర్టుకు తలూపుతారా? లేదంటారా? అయితే ఎవరి మాట మీద మూశారో చెప్పండి.

మీ సమాధానం నచ్చనివారు వెళ్లడానికి 2023 జనవరిలో కేంద్రం మూడు అప్పీలు కమిటీలు వేసింది. మీ నుంచి సమాధానం వచ్చాక 30 రోజుల్లో అక్కడికి వెళ్లాలి. నిజం చెప్పాలంటే ఆ దారి నాకు పెద్దగా ఇష్టం లేదు. ఎవరు ఏం మాట్లాడవచ్చో ప్రభుత్వం వేసిన కమిటీ తేల్చడం నాకు అంత నచ్చే వ్యవహారం కాదు. కానీ మీరు ఒక్క మాటకు ఒక్క మాట జవాబు చెప్పి ఉంటే నేను ఆ గడప వైపు చూసేవాడిని కాదు. ఇప్పుడు చూస్తాను. దాంతో ఆగను. ఉచిత సేవ కదా, నువ్వు వినియోగదారుడివే కావు అంటారేమో. ప్రకటనకు డబ్బు కట్టాను, రసీదు ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేను ఉండే చోటే కేసు వేయవచ్చు. గుంటూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో మీ వకీలు వాయిదాలకు హాజరు కావాల్సి వస్తుంది, మండు వేసవిలో.

అన్నట్టు, గ్రూపు తిరిగి తెరుస్తారా లేదా అన్నది మీ ఇష్టం. తెరవకపోతే అందులోని చర్చలన్నీ ఒక ఫైలుగా ఇచ్చేయండి, మేం ఇంకోచోట పెట్టుకుంటాం. ఏ పోస్టు వల్ల మూశారో మాత్రం చెప్పి తీరాలి. చెప్పకపోతే ఈ సీజన్‌లో యార్డుకు వచ్చే ప్రతి రైతు చేతా మీ యాప్ తీయించే బాధ్యత నాది. వేయించినవాడికి తీయించడం రాదా?

జవాబు పంపేటప్పుడు రాసిన మనిషి పేరు కింద ఉండాలి. ‘బృందం’ అని ఉంటే తెరవను. టికెట్ నంబరు వద్దు, నా దగ్గర చాలానే ఉన్నాయి.

ఇట్లు,
ఒక మిరప రైతు, మీరు మూసిన గ్రూపు అడ్మిన్
గుంటూరు జిల్లా

తాజా కలం: నేను ఇచ్చిన ప్రకటనను కూడా మీ నియమాలకు విరుద్ధమని మధ్యలో ఆపేశారు. కారణం చెప్పలేదు. మిగిలిన డబ్బు ఇంకా వెనక్కి రాలేదు.