పిల్లలకు కొండను ఇలా చూపండి

సంపాదకులు గారికి,

పిల్లల పేజీలో విదేశీ కొండల గురించి వేసేటప్పుడు అందమైన ఫొటో, కింద ఎత్తు చెప్పే అంకె, ఇంతటితో సరిపెట్టకండి. స్కాట్లండ్ వాయవ్య తీరాన టోరిడన్ దగ్గరున్న లియాహ్ కొండనే తీసుకోండి. దాని ఎత్తు 1055 మీటర్లు. హార్స్‌లీ హిల్స్ 1265 కదా, ఇదేం గొప్ప అనుకుంటారు మన పిల్లలు. కానీ మదనపల్లె ఊరే సుమారు 700 మీటర్ల ఎత్తున ఉంది. లియాహ్ పాదం మాత్రం సముద్రమట్టం దగ్గరే. అక్కడ నిలబడితే వెయ్యి మీటర్లూ ఎదురుగా కనిపిస్తాయి.

కొండ ముందున్నది చెరువు కాదు, భూమిలోకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ. నీళ్లు ఉప్పగా ఉంటాయి, రోజుకు రెండుసార్లు పోటెత్తుతాయి. నీరు తీసినప్పుడు ఒడ్డు రాళ్లకు గోధుమరంగు నాచు అంటుకుని కనిపిస్తుంది. బొమ్మలో ఆ నాచు తప్పక వేయించండి.

గీసేటప్పుడు 100 మీటర్లకు ఒక సెంటీమీటరు చొప్పున కొలవాలి. పెద్ద శిఖరం పదిన్నర సెంటీమీటర్లు, దానికి పడమట 18 సెంటీమీటర్ల దూరాన 1023 మీటర్ల రెండో శిఖరం, నడుమ రంపపు పళ్లలాంటి బండలు. నిలువుకొక కొలత, అడ్డానికొక కొలత వాడితే కొండ సూదిలా తేలుతుంది. చాలా బొమ్మల్లో జరిగే పొరపాటు ఇదే. ఒంటి నిండా అడ్డచారలు గీయాలి: దాదాపు 100 కోట్ల ఏళ్ల కిందట నదులు పేర్చిన ఎర్ర ఇసుకరాయి పొరలవి. నెత్తిన తెల్లగా ఉండేది ఎండాకాలంలో మంచు కాదు, క్వార్ట్‌జైట్ రాయి.

ఆ కొండ కింది లోయనూ, పాయనూ తొలిచింది హిమానీనదం, అంటే నెమ్మదిగా జారే మంచు నది. దీన్ని ఇంట్లోనే చేసి చూడొచ్చు. స్టీలు గ్లాసులో రెండు చెంచాల గరుకు ఇసుక, మూడు వేళ్ల ఎత్తు నీళ్లు పోసి రాత్రంతా ఫ్రీజర్‌లో పెట్టాలి. పొద్దున గడ్డను బయటికి తీసి, గుడ్డతో పట్టుకుని, ఇసుక ఉన్న వైపు కిందికి పెట్టి, గట్టిపడుతున్న బంకమట్టి మీద ఒకే దిశలో నొక్కుతూ తోయాలి. గీతలు పడతాయి. ఇసుక లేని గడ్డతో తోస్తే మట్టి నున్నబడుతుందే తప్ప గీతలు పడవు, ఎందుకంటే కోసేది మంచు కాదు, అది మోసుకెళ్లే రాళ్లు. మట్టి మరీ తడిగా ఉంటే గీత నిలవదు, అలికినట్టవుతుంది. గడ్డ త్వరగా కరుగుతుంది కాబట్టి మట్టిని ముందే సిద్ధం చేసుకోమని కూడా అచ్చువేయండి.

ఇట్లు,
భూగోళశాస్త్ర ఉపాధ్యాయులు