హెల్త్ పాలసీ ఫారం నింపేవాళ్లకి

అందరికీ నమస్కారం. కొత్తగా హెల్త్ పాలసీ తీసుకునేవాళ్లు ఇది తప్పక చదవండి. "బీపీ, షుగర్ రాయకండి సార్, ప్రీమియం పెరుగుతుంది" అని ఏజెంట్ అంటే దయచేసి వినకండి. రోజూ వేసుకునే మాత్ర పేరుతో సహా రాయండి, ఎప్పుడో అయిన ఆపరేషన్ కూడా. రాస్తే ప్రీమియం కాస్త పెరగొచ్చు, ఆ జబ్బుకి కవరేజీ కోసం కొన్నాళ్లు ఆగాలి. 2024 నిబంధనల ప్రకారం అది 3 ఏళ్లు మించకూడదు. దాస్తే మాత్రం, డిశ్చార్జి సమ్మరీలో "షుగర్ ఆరేళ్లుగా ఉంది" అన్న ఒక్క లైను చాలు, క్లెయిమ్ తిప్పికొట్టడానికి. కట్టిన డబ్బంతా బూడిదలో పోసినట్టే.

ఏజెంటే ఫోన్‌లో నింపేస్తుంటే, ఓటీపీ చెప్పేముందు మొత్తం చూపించమనండి. పాలసీ చేతికొచ్చాక నచ్చకపోతే 30 రోజుల్లో వెనక్కి ఇచ్చేయొచ్చు.

ఇంట్లో 70 దాటిన పెద్దవాళ్లుంటే ఆయుష్మాన్ వయ వందన కార్డు (పెద్దవాళ్ల ఉచిత వైద్యానికి కేంద్ర ప్రభుత్వం ఇచ్చేది) సంగతి కూడా చూడండి, దానికి ఆదాయంతో పనిలేదు. ఫారంలో ఏదైనా అర్థం కాకపోతే ఇక్కడే అడగండి.